ఏటికి ఎదురీత: కీళ్ల జబ్బులకు నీటి వ్యాయామ చరిత్ర

చరక సంహిత చికిత్సాస్థానంలోని 27వ అధ్యాయం ఊరుస్తంభ వ్యాధిని గురించినది. ఊరువు అంటే తొడ. తొడలు కొయ్యబారి, బరువెక్కి, కాళ్లు తనవి కానట్టు, ఎవరో ఎత్తి కదిలిస్తే తప్ప కదలనట్టు రోగికి తోచే స్థితికి ప్రాచీన వైద్యులు పెట్టిన పేరది. వాత రోగాలకు నూనెలు, నేతులు, వస్తికర్మలు విస్తారంగా విధించిన ఆ శాస్త్రం ఈ ఒక్క వ్యాధి విషయంలో వాటిని నిషేధించింది. దీనికి మూలం తొడల్లో పేరుకున్న కఫం, మేదస్సు, ఆమం కనుక, స్నిగ్ధ చికిత్స వల్ల అవి కరగకపోగా ఇంకా పెరుగుతాయని దాని వాదం. అందుకని రోగిని ఇసుక నేల మీదా, గులకరాళ్ల మీదా నడిపించమన్నది. అంతటితో ఆగక, ప్రమాదం లేని చల్లని నదిలో ప్రవాహానికి ఎదురుగా ఈదించమన్నది. నీరు నిలకడగా ఉన్న నిర్మలమైన సరస్సులో మళ్లీ మళ్లీ ఈదించమన్నది. వాగ్భటుడు సైతం అష్టాంగహృదయంలో ఇదే విధానాన్ని చెప్పాడు.

ఏటికి ఎదురీదడమంటే తెలుగులో సాధ్యం కాని పనికి తలపడడమని అర్థం. చరక సంహితలో అది ఉపమానం కాదు, చికిత్స. కండరాలు, కీళ్లు బిగుసుకున్న మనిషిని నీటిలో దింపి, అతని చేత పని చేయించడమనే ఆలోచనకు ఇంత పాత ఆధారం దొరకడం విశేషమే. అదే గ్రంథం సూత్రస్థానంలో స్వేదన విధులు 13 చెప్పింది. వాటిలో అవగాహం ఒకటి. కాచిన కషాయాలతో నిండిన తొట్టిలో రోగిని కూర్చోబెట్టడం దాని పద్ధతి. రెండూ జలచికిత్సలే గాని స్వభావంలో వేరు. తొట్టిలో నీరు పని చేస్తుంది, రోగి ఊరక కూర్చుంటాడు. నదిలో రోగి పని చేస్తాడు, నీరు అతన్ని మోస్తూ, అతనికి ఎదురు నిలుస్తుంది. తర్వాతి రెండు వేల ఏళ్లలో లోకం మొత్తం మీద తొట్టికి దొరికిన ఆదరం నదికి దొరకలేదు. నది మార్గం తిరిగి వైద్యుల దృష్టికి వచ్చింది ఇరవైయవ శతాబ్దంలోనే.

తొట్టి కన్నా ముందు ప్రజలకు తెలిసినవి ఉష్ణకుండాలు. హిమాచల్ ప్రదేశ్‌లో మణికరణ్, బెంగాల్‌లో బక్రేశ్వర్, ఒడిశాలో తప్తపాణి, మహారాష్ట్రలో వజ్రేశ్వరి, భద్రాచలం సమీపాన గోదావరి ఒడ్డున గుండాల, ఇలా వెచ్చని నీరు ఊరిన చోటల్లా ఒక దేవుడు వెలిశాడు. దేవునితోపాటు కీళ్ల నొప్పులవారూ చేరారు. ఈ కుండాల్లో చారిత్రక ప్రసిద్ధి ఎక్కువగా ఉన్నది బీహారులోని రాజగిర్‌కు. వినయ పిటకంలో దీని గురించి ఒక కథ ఉన్నది. మగధరాజు బింబిసారుడు తలస్నానం కోసం తపోద అనే ఉష్ణజలాశయానికి వెళ్లాడు. అప్పటికే భిక్షువులు అక్కడ స్నానం చేస్తున్నారు. వారి పని ముగిసేదాకా రాజు ఒక పక్కన వేచి ఉన్నాడు. చీకటి పడేదాకా వారు నీటిలోంచి కదలలేదు. రాజు తన స్నానం ముగించుకొని వెళ్లేసరికి కోట తలుపులు మూసివేశారు. నగరం వెలుపలే రాత్రి గడిపి ఉదయాన్నే ఆయన బుద్ధుని దర్శనానికి వెళ్లగా, సంగతి తెలిసింది. పదిహేను రోజులకు ఒకసారి మించి భిక్షువులు స్నానం చేయరాదని నియమం ఏర్పడింది. తరువాత దానికి ఒక్కొక్కటిగా మినహాయింపులు వచ్చాయి. వేసవి, కాయకష్టం, ప్రయాణం, గాలివాన, వాటితోపాటు వ్యాధి. రాజు కోసం పుట్టిన నియమం రోగి దగ్గర సడలిందన్న మాట. వెచ్చని నీరు తక్కువ, కోరేవారు ఎక్కువ అయినప్పుడు ముందెవరు దిగాలన్న ప్రశ్న ఈ కథలో ఉన్నది. అది ఈ చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

వినయంలోనే మరొక ప్రస్తావన ఉన్నది. వైశాలిలో విందు భోజనాలకు అలవాటు పడి ఒళ్లు పెరిగి రోగాల పాలవుతున్న భిక్షువులను జీవకుడు చూశాడు. వారికి చంక్రమణ స్థలాన్నీ, జంతాఘరాన్నీ అనుమతించవలసిందిగా బుద్ధుని కోరాడు. చంక్రమణం నడక, జంతాఘరం ఆవిరి స్నానపు ఇల్లు. శ్రీలంకలోని ప్రాచీన ఆరామాల శిథిలాలలో ఇటువంటి స్నానగృహాలు నేటికీ చూడవచ్చు. నడకనూ వేడినీ కలిపి ఒకే చీటీలో రాసిన వైద్యుడు జీవకుడు.

ఐరోపాలో ఈ చరిత్రకు ప్రధాన వేదిక ఇంగ్లండులోని బాత్ నగరం. రోమనుల కాలం నుంచి అక్కడ సుమారు 46 డిగ్రీల సెల్సియస్ వేడి గల ఊట ఉన్నది. పద్దెనిమిదవ శతాబ్దంలో ధనికులకు అది విహారకేంద్రం. దేశం నలుమూలల నుంచి వచ్చే పేద రోగుల కోసం 1742లో అక్కడ ఒక ఆసుపత్రి తెరిచారు. పక్షవాతం, కీళ్లవాతం ఉన్నవారిని అక్కడ చేర్చుకొని, నెలల తరబడి రోజూ మెడ లోతు నీటిలో నిలిపేవారు. తమాషా ఏమిటంటే, ఆ ఊరి పేదలకు అందులో మొదట ప్రవేశం లేదు. అక్కడికి వచ్చే పక్షవాత రోగుల్లో చాలామంది సీసంతో పని చేసే రంగులవారు, లోహపు పనివారు. సీసం విషానికి వారి చేతులు పడిపోయేవి. వారికి గుణమిచ్చింది ఊటలోని ఖనిజమేనని రెండు శతాబ్దాలు నమ్మారు. మెడ లోతు నీటిలో కూర్చుంటే మూత్రపిండాల పని హెచ్చి శరీరంలోని సీసం ఎక్కువగా బయటికి పోతుందని 1980లలో జరిగిన పరిశోధనలు చూపాయి. గొప్పతనం ఖనిజానిదైనా కాకున్నా, లోతుకు మాత్రం ఒక పాత్ర ఉన్నదని తేలింది.

పందొమ్మిదవ శతాబ్దపు జర్మన్ దేశాలలో ఊటల అవసరం లేకుండా మామూలు బావినీటితోనే జలచికిత్స నడిచింది. ఆస్ట్రియన్ సిలీషియాలో ప్రీస్‌నిట్జ్, బవేరియాలో క్నైప్ అనే మతాచార్యుడు, లైప్‌జిగ్‌లో లూయీ కూనే దీనికి ప్రచారకులు. వీరిలో ఎవ్వరూ వైద్య పట్టభద్రులు కారు. కూనే పద్ధతిలో కటిస్నానం ముఖ్యమైనది. ఆయన గ్రంథాన్ని 1894లో డి. వెంకటచలపతి శర్మ తెలుగులోకి అనువదించారు. భారతదేశంలో ప్రకృతి చికిత్సోద్యమానికి ఇదే ప్రారంభమని ఆ ఉద్యమ చరిత్రకారులు చెబుతారు. హిందీ, ఉర్దూ అనువాదాలు పదేళ్ల తర్వాత, 1904లో వచ్చాయి. దేశంలో మరే భాష కన్నా ముందు తెలుగువాడు తొట్టిస్నానాన్ని పుస్తకంలో చదివాడు.

గాంధీజీ కూనేను చదివి, ఆచరించిన వ్యక్తి. 1902 ప్రాంతంలో బొంబాయిలో కుమారుడు మణిలాల్ విషజ్వరంతో మంచాన పడినప్పుడు ఆయన కటిస్నానాలతో చికిత్స చేశారు. తొట్టిలో మూడు నిమిషాలకు మించి ఉంచలేదు. 1942లో ఆగాఖాన్ ప్రాసాదంలో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యంపై రాసిన చిన్న పుస్తకంలో నీటికి ఒక భాగం కేటాయించారు. 1946లో పూణే వద్ద ఉరుళీ కాంచన్‌లో పేదల కోసం ప్రకృతి చికిత్సాలయం ప్రారంభించారు. ఖర్చు లేని వైద్యం, ఎవరికి వారు చేసుకోగల వైద్యం కావాలన్నది ఆయన పట్టుదల. ఆ దృష్టి ఎంత విశాలమైనదైనా, ప్రకృతి చికిత్సలో నీరు తొట్టిని దాటి రాలేదు. రోగి కదలడానికి అందులో చోటు లేదు.

ఆ చోటు దొరికింది పోలియో వల్ల. అమెరికాలో 1916 నుంచి ఈ వ్యాధి పదేపదే విజృంభించి, వేల మందిని అవిటివారిని చేసింది. లాస్ ఏంజెలిస్‌లో ఎముకల వైద్యుడు చార్లెస్ లోమన్ షికాగోలోని ఒక పాఠశాలకు వెళ్లి, పక్షవాతం వచ్చిన పిల్లలు కొయ్యతొట్టిలో వ్యాయామం చేయడం చూశాడు. తిరిగివచ్చి 1924లో తన ఆసుపత్రి ఆవరణలోని కలువ కొలనును రెండు చికిత్సా కొలనులుగా మార్పించాడు. నేల మీద ఎత్తలేని కాలు నీటిలో తేలి కదులుతుంది. ఆ కదలికను క్రమపద్ధతిలో పెట్టడమే ఆయన చేసిన పని. 1937లో దానిపై గ్రంథం ప్రకటించాడు.

అదే 1924 అక్టోబరులో న్యూయార్క్ రాజకీయ నాయకుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్ అనే పల్లెకు వచ్చాడు. 1921 ఆగస్టులో, 39వ ఏట, ఆయన రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఆ పల్లెలోని ఊటనీటిలో ఈది ఒక యువకుడు కొంత నడవగలిగాడన్న వార్త ఆయనను అక్కడికి రప్పించింది. నీటి వేడి 31 డిగ్రీల సెల్సియస్. ఒంటికి చల్లగా తగలదు, అలసట రాదు. ఛాతీ లోతు నీటిలో ఆయన నిలబడి నడవగలిగాడు. పత్రికల్లో ఈ సంగతి రాగానే దేశం నానా మూలల నుంచి పోలియో బాధితులు పిలవకుండానే రైళ్లలో వచ్చి దిగారు. వారిని చూసే వైద్యులు లేరు, ఉంచే వసతి లేదు. రూజ్వెల్ట్ స్వయంగా కొలనులో నిలబడి వారికి వ్యాయామం నేర్పాడు. 1926లో ఆ ఆస్తి మొత్తం కొన్నాడు. 1927లో దాన్ని ఒక సంస్థకు అప్పగించాడు. ఆయన కాళ్లు మాత్రం చివరిదాకా తిరిగి రాలేదు. నాలుగుసార్లు అధ్యక్షుడిగా ఎన్నికై, 1945 ఏప్రిల్ 12న అక్కడే మరణించాడు.

వార్మ్ స్ప్రింగ్స్ గొప్పతనం స్వస్థతలో వెతికితే దొరకదు. ఒకే అవస్థలో ఉన్నవారు ఒకే నీటిలో కలిసి దిగడంలో ఉన్నది. బయట చక్రాల కుర్చీలో కనిపించడానికి సిగ్గుపడ్డవారు అక్కడ ఒకరినొకరు చూసి ధైర్యం తెచ్చుకున్నారు. సాటి రోగియే గురువు కావడం వైద్యచరిత్రలో అరుదు. అయితే ఆ నీటిలో దిగిన రోగులంతా తెల్లవారే. నల్లజాతి రోగులకు చికిత్స లేదు. నల్లవారు అక్కడ కనిపించింది పనివారుగానే. దీనిపై విమర్శలు పెరిగిన మీదట పోలియో నిధుల సంస్థ అలబామాలోని టస్కెగీ విద్యాలయంలో నల్లవారి కోసం వేరే కేంద్రం నిర్మించింది. అది 1941లో తెరుచుకున్నది. ఈ విషయంలో భారతీయులు ముక్కున వేలు వేసుకోవలసిన పని లేదు. రూజ్వెల్ట్ సంస్థ ఏర్పడిన 1927లోనే మహాడ్‌లోని చవదార్ చెరువు నీటిని ముట్టే హక్కు కోసం అంబేడ్కర్ సత్యాగ్రహం నడిపారు. బొంబాయి హైకోర్టు తీర్పు రావడానికి 1937 దాకా పట్టింది. నీరు అందరిదన్న మాట చెప్పినంత తేలికగా అమలు కాదు.

నీటిలో శరీరం తేలికపడడం వెనుక ఉన్న సూత్రం ఆర్కిమెడిస్ చెప్పినదే. నడుము లోతు నీటిలో నిలబడిన మనిషి కాళ్ల మీద అతని బరువులో దాదాపు సగం మాత్రమే పడుతుంది. ఛాతీ లోతుకు వెళ్తే అది మూడో వంతుకు, మెడ లోతున పదో వంతుకు తగ్గుతుంది. అరిగిన మోకాలికి ఇంతకన్నా ఊరట వేరే లేదు. పైగా నీరు గాలివంటిది కాదు. ఎంత వేగంగా కదిలితే అంత గట్టిగా అడ్డుకుంటుంది. నెమ్మదిగా కదిలేవారికి తక్కువ బరువు, వేగంగా కదిలేవారికి ఎక్కువ బరువు దానంతట అదే ఏర్పడుతుంది. నొప్పి వచ్చి ఆగిపోతే అడ్డు కూడా ఆగిపోతుంది. వెచ్చదనం కండరాల బిగువు సడలిస్తుంది. నీటి ఒత్తిడి శరీరాన్ని అన్ని వైపుల నుంచీ పట్టి ఉంచుతుంది కనుక పడిపోతానన్న భయం తగ్గుతుంది. 1949లో లండన్‌లోని ఒక వికలాంగ బాలికల పాఠశాలలో మెక్‌మిలన్ అనే ఇంజనీరు ఈ సూత్రాలనే ఆధారం చేసుకొని, తేలియాడే తిత్తులు ఏవీ లేకుండా ఈత నేర్పే హాలివిక్ పద్ధతికి పునాది వేశాడు.

1955లో పోలియో టీకా వచ్చింది. అమెరికా, ఐరోపాలలో పోలియో వార్డులు కొన్నేళ్లలోనే ఖాళీ అయ్యాయి. కీళ్ల రోగులు మాత్రం తగ్గలేదు. అప్పటిదాకా వారికి వైద్యులు చెబుతూ వచ్చింది విశ్రాంతి. కీలు వాచితే కదపవద్దన్నదే సలహా. దీని ఫలితంగా కండరం సన్నబడి, కీలు మరింత బిగుసుకుపోయేది. 1970, 80 దశకాల్లో ఈ అభిప్రాయం మారింది. అమెరికాలోని కీళ్లవాత సంస్థ 1980లలో వై.ఎం.సి.ఏ.తో కలిసి ఒక నీటి వ్యాయామ కార్యక్రమాన్ని రూపొందించింది. అందులో చేరడానికి ఈత రానక్కరలేదు. తల తడవదు. నీటి వేడి సుమారు 28 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. వారానికి రెండు మూడు సార్లు, ఒక్కొక్కసారి సుమారు గంట, శిక్షణ పొందిన బోధకుని ఎదుట పది పదిహేను మంది కలిసి వేళ్ల నుంచి భుజాల దాకా, చీలమండల నుంచి తుంటి దాకా ఒక్కొక్క కీలునూ కదిలిస్తారు. బోధకుడు వైద్యుడు కానక్కరలేదు. చికిత్స అన్నది ఆసుపత్రి గడప దాటి పేటలోని ఈతకొలనుకు చేరిన ఘట్టం ఇదే.

ఇందులో నిజమెంత అని పరీక్షించినవారున్నారు. 1989లో మిస్సోరిలో 120 మంది కీళ్ల రోగులను మూడు విధాలుగా విభజించి 12 వారాలు చూశారు. ఒకరికి నడక, ఒకరికి నీటిలో వ్యాయామం, మిగిలినవారికి కీళ్లను మెల్లగా కదిలించడం మాత్రమే. నడిచినవారూ, నీటిలో శ్రమించినవారూ దమ్ములోనూ, నడక వేగంలోనూ మెరుగుపడ్డారు; వారి దిగులు కూడా తగ్గింది. కీళ్ల వాపు పెరుగుతుందన్న భయం నిజం కాలేదు. 2016లో మోకాలు, తుంటి కీళ్ల అరుగుదలపై జరిగిన 13 పరిశోధనలను, వాటిలో పాల్గొన్న 1190 మందిని ఒక్కచోట చేర్చి కొక్రేన్ సమీక్షకులు పరిశీలించారు. నొప్పిలోనూ, అశక్తతలోనూ స్వల్పమైన మెరుగుదల, అదీ కొద్దికాలం పాటు కనబడుతుందని తేల్చారు. స్వల్పం అన్న మాటను దాచకుండా చెప్పడం అవసరం. ఉష్ణకుండాల వద్ద అద్భుతాలు వాగ్దానం చేసినవారి వారసత్వం ఈ వ్యాయామానికి అంటరాదు. అరిగిన మృదులాస్థి నీటిలో తిరిగి మొలవదు. మానివేస్తే ఫలితమూ పోతుంది. అయినా మేడ మెట్లెక్కలేక ఇల్లు కదలని వృద్ధురాలికి ఆ స్వల్పమే తేడా. ఆ పరిశోధనల్లో పాల్గొన్నవారిలో నాలుగింట మూడు వంతులు స్త్రీలే.

భారతదేశంలో ఈ ప్రశ్న మరొక రూపంలో ఎదురవుతుంది. కొన్ని ప్రాంతాల్లో కీళ్లను బిగించింది నీరే. 1937లో మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాల్లో ప్రజల వెన్నెముకలు, కీళ్లు కొయ్యబారడానికి కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని వైద్యులు గుర్తించి ప్రకటించారు. దేశంలో ఫ్లోరోసిస్‌పై తొలి శాస్త్రీయ వివరణ అదే. తర్వాత నల్గొండ జిల్లా ఈ వ్యాధికి దేశమంతటా తెలిసిన పేరైంది. ఫ్లోరైడ్ తొలగించే ఒక పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. బంధకాలు ఎముకలుగా మారిన మనిషికి ఏ కొలనూ పూర్వపు నడకను ఇవ్వలేదు. తాగడానికి మంచినీరు ఇవ్వని చోట వ్యాయామానికి కొలను తవ్వమనడం వరస తప్పిన మాట కూడా.

మంచినీరు, జలాశయాలు రెండూ ఉన్న చోట సంగతి వేరు. కోనేటి మెట్లను చూస్తే వాటిలో ఒక సౌలభ్యం కనిపిస్తుంది. ఒక్కొక్క మెట్టు దిగినకొద్దీ కాళ్ల మీద బరువు తగ్గుతుంది. ఎంత తగ్గాలో దిగేవారే నిర్ణయించుకోవచ్చు. కార్తీక మాసంలో తెల్లవారుజామున అరవై దాటిన స్త్రీలు ఒకరి చేయి ఒకరు పట్టుకొని ఆ మెట్లు దిగడం తెలుగు ఊళ్లలో కొత్త కాదు. పట్టణాల్లో కట్టిన ఈతకొలనుల్లో పెక్కింటికి దిగడానికి ఉన్నది నిలువు ఇనుప నిచ్చెన. మోకాలు వంగనివారు అక్కడే ఆగిపోతారు. పందేలకు తగినట్టు కట్టిన కొలనులో లోతూ ఎక్కువే. స్త్రీలకు వేరే సమయం, బట్టలు మార్చుకునే చోటు ఉంటేనే వారు వస్తారు. చీరతో దిగనివ్వని నిబంధన ఉంటే అసలే రారు.

నిలవ నీటి విషయంలో మాత్రం పాత మెట్ల మీద మమకారం పనికిరాదు. 1978లో బాత్ నగరపు వేడినీటిలో ఈదిన ఒక బాలిక మెదడుకు అమీబా సోకి మరణించగా, ఆ స్నానవాటికలను మూసివేశారు. 2024, 2025 సంవత్సరాల్లో కేరళలో చెరువులలో స్నానం చేసినవారికీ అదే తరహా జబ్బు సోకింది. వెచ్చని నిలవ నీరు కీళ్లకు ఎంత హితవో క్రిములకూ అంత హితవు. శుద్ధి చేసి, క్లోరిన్ కలిపి, రోజూ పరీక్షించే నీటిలోనే ఈ వ్యాయామం జరగాలి. గుండెజబ్బు, మానని పుండ్లు ఉన్నవారు వైద్యుని అడిగి దిగాలి. ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో ఏడాదిలో చాలా నెలలు కొలను నీటిని కాచవలసిన అవసరం లేకపోవడం శీతల దేశాలకు లేని వెసులుబాటు. అక్కడి కార్యక్రమాల్లో ఇంధనపు ఖర్చు పెద్ద భారం.

2015లో గోదావరికి, 2016లో కృష్ణకు పుష్కరాలు వచ్చినప్పుడు తీరం వెంట కొత్త మెట్లు కట్టారు. లోతులోకి జారిపోకుండా కమ్మీలు, గొలుసులు అమర్చారు. స్త్రీలకు గదులు, గజ ఈతగాళ్ల పహరా ఏర్పాటు చేశారు. ముసలివారినీ, అవిటివారినీ చేయి పట్టి నీటిలోకి దింపడానికి స్వచ్ఛంద సేవకులు నిలబడ్డారు. ఆ ఏర్పాట్లు నడిచింది పన్నెండేసి రోజులు. పురపాలక కొలనుకు కావలసిన జాబితా కూడా దాదాపు ఇదే: మెట్లు, పట్టుకొనే కమ్మీ, ఛాతీ దాటని లోతు, మరుగు, ఒక బోధకుడు, వారానికి మూడు ఉదయాలు.